హాన్‌కౌ నుండి వూహాన్ వరకు: ఒక నదీ రేవు నగరపు భౌగోళిక, ఆర్థిక పరిశీలన

నదులు నాగరికతకు తల్లులని పెద్దలు చెప్పిన మాట. ఆ మాట విన్నప్పుడు నైలు, యూఫ్రటీస్, సింధు, గంగా నదులు మన జ్ఞాపకానికి వస్తాయి. కాని తల్లి ఒడిలో బిడ్డ పెరిగినంత సులభంగా నది ఒడ్డున నగరం పెరగదు. నది ప్రసాదించిన సంపదను ఆ నది ధాటి నుండే కాపాడుకోవలసిన స్థితి ప్రతి తీర నగరానికి ఏదో ఒకనాడు ఎదురవుతుంది. ఈ సత్యానికి చైనా దేశపు నడిబొడ్డున, యాంగ్‌ట్సీ నదీ తీరాన వెలసిన వూహాన్ నగరం మంచి ఉదాహరణ.

మన దేశంలో చాలామంది ఈ నగరం పేరు మొదటిసారిగా 2020లో, కరోనా వ్యాధి వార్తలలో విన్నారు. ఆ సంవత్సరం జనవరి 23వ తేదీ నుండి ఏప్రిల్ 8వ తేదీ వరకు, 76 రోజులపాటు, ఆ నగరానికి రాకపోకలు నిలిచిపోయినవి. ఒక మహానగరాన్ని ఒక వ్యాధి పేరుతో మాత్రమే గుర్తుంచుకోవడం న్యాయం కాదు. ఆ 76 రోజులకు వెనుక పదిహేడు వందల సంవత్సరాలకు పైబడిన చరిత్ర ఉన్నది. భూగోళం, చరిత్ర, అర్థశాస్త్రం చదివే విద్యార్థులు ఆ చరిత్రను తెలుసుకోవడం అవసరమని భావించి, దానిని సంగ్రహంగా ఈ వ్యాసంలో పరిశీలించ పూనుకొన్నాము.

భౌగోళిక స్థితి

యాంగ్‌ట్సీ ఆసియా ఖండంలోని నదులన్నిటిలోను పొడవైనది. ప్రపంచంలో దానిది మూడవ స్థానం. టిబెట్ పీఠభూమిలో పుట్టి సుమారు 6,300 కిలోమీటర్లు ప్రవహించి షాంఘై వద్ద సముద్రంలో కలుస్తుంది. మన గోదావరి పొడవు 1,465 కిలోమీటర్లు. అంటే నాలుగు గోదావరులను ఒకదాని వెనుక ఒకటి చేర్చినా యాంగ్‌ట్సీ పొడవుకు చాలవు. చైనీయులు దానిని 'చాంగ్ జియాంగ్' అంటారు. పొడవైన నది అని ఆ పేరుకు అర్థం.

ఈ మహానది పర్వతాల మధ్య ఇరుకైన కొండ కనుమలను దాటి యీచాంగ్ పట్టణం వద్ద మైదానంలో అడుగు పెడుతుంది. అక్కడి నుండి దాని వేగం తగ్గుతుంది, వెడల్పు పెరుగుతుంది, మెలికలు ఎక్కువవుతాయి. ఆ మైదానం మధ్యలో, సముద్రానికి నదీమార్గాన సుమారు 1,100 కిలోమీటర్ల ఎగువన, ఉత్తర పశ్చిమ దిశ నుండి వచ్చే హాన్ నది యాంగ్‌ట్సీలో కలుస్తుంది. ఈ సంగమ స్థలమే వూహాన్.

రెండు నదులు కలిసే చోట నేల మూడు ముక్కలవుతుంది. యాంగ్‌ట్సీకి కుడి గట్టున ఉన్నది వూచాంగ్. ఎడమ గట్టున, హాన్ నదికి ఉత్తరంగా ఉన్నది హాన్‌కౌ. హాన్ నదికి దక్షిణంగా ఉన్నది హాన్‌యాంగ్. ఈ మూడు పట్టణాలు శతాబ్దాల తరబడి వేరువేరుగా బ్రతికినవి. వూచాంగ్ పరిపాలనకు, విద్యకు కేంద్రం, హాన్‌కౌ వ్యాపారానికి, హాన్‌యాంగ్ తరువాతి కాలంలో పరిశ్రమకు. ఈ మూడింటి పేర్లలోని అక్షరాలను కలిపి 'వూహాన్' అన్నారు. 1927లో ఒకసారి ఈ మూడింటిని ఒకే నగరంగా చేశారు. 1949 తరువాత ఆ కలయిక స్థిరపడినది.

చైనా పటాన్ని ముందుంచుకొని చూస్తే ఈ స్థలం విలువ బోధపడుతుంది. ఉత్తరాన బీజింగ్, దక్షిణాన గ్వాంగ్‌జౌ, తూర్పున షాంఘై, పడమట చెంగ్‌డూ. ఈ నాలుగు నగరాలకు వూహాన్ ఇంచుమించు సమదూరంలో ఉన్నది. అందుచేతనే చైనీయులు దీనిని తొమ్మిది రాష్ట్రాల కూడలి అని పిలుస్తూ వచ్చారు.

అయితే ఈ స్థలానికి మరొక ముఖం ఉన్నది. ఇది పల్లపు ప్రాంతం. చుట్టూ సరస్సులు, చిత్తడి నేలలు. వూహాన్ పాలనా పరిధిలోని 8,500 చదరపు కిలోమీటర్లకు పైబడిన విస్తీర్ణంలో ఇంచుమించు నాలుగవ వంతు నీరే. వూచాంగ్ వైపున ఉన్న తూర్పు సరస్సు ఒక్కటే సుమారు 33 చదరపు కిలోమీటర్లు. జూన్, జూలై మాసాలలో ఇక్కడ ఎడతెగని వర్షాలు కురుస్తాయి. శీతకాలపు నీటి మట్టానికి, వర్షకాలపు నీటి మట్టానికి మధ్య పది మీటర్లకు పైగా తేడా ఉంటుంది. నిండు నది నాడు గట్టు లేకపోతే హాన్‌కౌ వీధులు నీటి అడుగున ఉండవలసినవే. వర్తకుణ్ణి పిలిచిన పల్లమే వరదను కూడ పిలిచినది. ఈ విషయాన్ని మనసులో ఉంచుకొంటేనే ఈ నగర చరిత్ర మనకు అర్థమవుతుంది.

నది దారి మార్చగా పుట్టిన ఊరు

మూడు పట్టణాలలో వూచాంగ్ ప్రాచీనమైనది. క్రీస్తు శకం 223లో, మూడు రాజ్యాల కాలంలో, సున్ చువాన్ అనే పాలకుడు యాంగ్‌ట్సీ ఒడ్డున కొండమీద ఒక కోటను, ఒక కావలి బురుజును కట్టించాడు. ఆ బురుజే క్రమంగా 'పసుపు కొంగ మేడ'గా ప్రసిద్ధి చెందినది. త్సుయి హావ్, లీ బాయ్ వంటి ప్రాచీన మహాకవులు దానిపై కవిత్వం చెప్పారు. ఆ మేడ ఎన్నోసార్లు కాలినది, కూలినది. ఎన్నోసార్లు తిరిగి లేచినది. 1884లో చివరిసారిగా కాలిపోయినది. ఇప్పుడు యాత్రికులు చూస్తున్న కట్టడం 1985లో పూర్తి అయినది.

హాన్‌కౌ చరిత్ర ఇందుకు భిన్నమైనది. పదిహేనవ శతాబ్ది వరకు అటువంటి పట్టణమే లేదు. మింగ్ వంశపు చంగ్‌హువా చక్రవర్తి పరిపాలించిన 1465–1487 సంవత్సరాల మధ్య హాన్ నది తన దారి మార్చుకొన్నది. అంతకు ముందు హాన్‌యాంగ్‌కు దక్షిణంగా కలిసే నది ఉత్తరంగా కలవసాగినది. ఆ కొత్త సంగమం వద్ద పడవలు నిలువడానికి అనువైన తీరం ఏర్పడినది. 'హాన్‌కౌ' అంటే హాన్ నది ముఖద్వారం. ఏ రాజూ శంకుస్థాపన చేయని ఊరు అది. నది ప్రక్కకు తిరిగితే పుట్టిన ఊరు.

ఒకటి రెండు శతాబ్దాలలోనే అది చైనాలోని నాలుగు పెద్ద విపణి పట్టణాలలో ఒకటిగా పేరు పొందినది. ఎగువ రాష్ట్రాల బియ్యం, కలప, తూర్పు తీరపు ఉప్పు, చుట్టుపట్ల జిల్లాల ప్రత్తి, దక్షిణపు కొండల తేయాకు ఇక్కడికి వచ్చి చేతులు మారేవి. షాన్‌షీ, హుయీజౌ మొదలైన దూర ప్రాంతాల వర్తకులు వచ్చి తమ తమ ప్రాంతీయ సంఘాలను స్థాపించుకొన్నారు. ఆ సంఘాలు వ్యాపార తగాదాలు తీర్చేవి, తమ వారి బాగోగులు చూచేవి. చైనా ముస్లింలైన హుయీలు కూడ ఈ నగరంలో స్థిరపడి మసీదులు నిర్మించుకొన్నారు. భిన్న ప్రాంతాల, భిన్న మతాల, భిన్న భాషల వారు ఒకే రేవులో సరుకు దించుకొని ఒకే వీధిలో వర్తకం సాగించడం పాశ్చాత్యులు రాకముందే అక్కడ ఉన్న సంప్రదాయమని మనం గమనించాలి.

రేవు తెరచుకొన్న విధము

1858లో కుదిరిన త్యెన్‌జిన్ ఒప్పందం రెండవ నల్లమందు యుద్ధపు ఫలితం. దాని ప్రకారం యాంగ్‌ట్సీ లోపలి రేవులు విదేశీయులకు తెరువవలసి వచ్చినది. 1861లో హాన్‌కౌ తెరచుకొన్నది. బ్రిటిష్‌వారు ఆ సంవత్సరమే నదీ తీరాన తమ ప్రత్యేక నివాస భూమిని పొందారు. 1895–1898 మధ్య జర్మన్లు, రష్యన్లు, ఫ్రెంచివారు, జపానీయులు కూడ అదే మార్గం అనుసరించారు. ఆ విధంగా ఒకే తీరం వెంబడి ఐదు దేశాల జెండాలు ఎగిరినవి. ఆ హద్దులలో చైనా చట్టం చెల్లేది కాదు. రేవు చైనాది, నది చైనాది, మూటలు మోసే కూలీలు చైనావారు. సుంకాలు ఎంత ఉండాలో నిర్ణయించే అధికారం మాత్రం చైనాకు లేదు.

ఆ రోజులలో హాన్‌కౌ ప్రధాన సరుకు తేయాకు. హూబే, హూనాన్ రాష్ట్రాల కొండలలో పండిన తేయాకు ఇక్కడికి చేరేది. నీరు నిండుగా ఉండే మాసాలలో సముద్రపు ఓడలు నేరుగా హాన్‌కౌ దాకా వచ్చి సరుకు నింపుకొని లండన్‌కు సాగిపోయేవి. రష్యన్ వర్తకులు మరొక పద్ధతి అవలంబించారు. వారు తేయాకు పొడిని ఆవిరి యంత్రాలతో అదిమి ఇటుకల వలె చేయించారు. ఆ ఇటుక తేయాకు నదులమీదుగా, ఎడారి బాటలమీదుగా మంగోలియా, సైబీరియాలకు చేరేది. 1870ల నుండి హాన్‌కౌలో నడిచిన ఈ తేయాకు కర్మాగారాలు ఆ నగరంలో ఆధునిక యంత్ర పరిశ్రమకు తొలి మెట్టు.

ఇక్కడ మన దేశానికి సంబంధించిన ఒక విషయం ఉన్నది. బ్రిటిష్‌వారు అస్సాం, డార్జిలింగ్ కొండలలో, సింహళంలో పెద్ద తేయాకు తోటలు వేశారు. 1880ల దశాబ్ది ముగిసేసరికి బ్రిటన్ దిగుమతిలో భారత, సింహళ తేయాకులు చైనా తేయాకును మించినవి. చైనాలో తేయాకు చిన్న రైతుల పెరడులలో పండేది; భారతదేశంలో పెట్టుబడిదారుల తోటలలో, యంత్రాల సహాయంతో తయారయ్యేది. హాన్‌కౌలోని బ్రిటిష్ తేయాకు వ్యాపారం సన్నగిల్లినది. ఒక దేశపు కూలీల చెమటతో చవకగా తయారైన సరుకు మరొక దేశపు రైతుల అంగడిని దెబ్బతీసినది. లాభం రెండు చోట్లా మూడవవాడికే చేరినది. పరాధీన ఆర్థిక వ్యవస్థ అంటే ఏమిటో వివరించడానికి ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ అరుదు.

ఇనుము నేర్పిన పాఠము

1889లో హూబే, హూనాన్ రాష్ట్రాలకు జాంగ్ జిడోంగ్ అనే అధికారి రాజప్రతినిధిగా వచ్చాడు. చైనా తన రైలు పట్టాలను తానే తయారు చేసుకోవాలన్నది అతని సంకల్పం. హాన్‌యాంగ్‌లో, హాన్ నది ఒడ్డున, ఒక గొప్ప ఇనుప కర్మాగారాన్ని కట్టించాడు. 1894లో అందులో ఉత్పత్తి మొదలైనది. ఆసియాలో అంతటి ఆధునిక ఉక్కు కర్మాగారం అప్పటికి మరొకటి లేదు. జపాన్‌వారి ప్రసిద్ధమైన యావతా కర్మాగారం 1901లో గాని మొదలు కాలేదు.

సంకల్పం గొప్పదే. కాని యంత్రాలను ఇంగ్లండు నుండి తెప్పించేటప్పుడు తమ ఇనుప ఖనిజం గుణం ఎట్టిదో, తమ బొగ్గు గుణం ఎట్టిదో ముందుగా పరీక్షింపజేయలేదు. సమీపంలోని దాయే గనుల ఖనిజంలో భాస్వరం పాలు ఎక్కువ. తెప్పించిన బెస్సెమర్ కొలుములు ఆ భాస్వరాన్ని తొలగించలేవు. ఫలితంగా తయారైన పట్టాలు పెళుసై పగిలేవి. ఆ కారణం కనుగొని, తగిన కొలుములు తెప్పించి, దోషం సవరించేసరికి పది సంవత్సరాలకు పైగా గడిచినవి. ఈలోగా పెరిగిన అప్పులు జపాన్ బ్యాంకుల వద్దకు చేర్చినవి. అప్పు తీర్చడానికి దాయే ఖనిజాన్నే జపాన్‌కు పంపవలసి వచ్చినది. చైనా ఖనిజం యావతా కొలుములలో కరిగి జపాన్ ఉక్కు అయినది. పిడికెడు రాయిని ప్రయోగశాలలో పరీక్షించని ఫలితం అంత దూరం పోయినది. విజ్ఞానశాస్త్ర విద్యార్థులు ఈ సంగతిని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలని మా మనవి.

అదే కాలంలో రైలు మార్గాలు వచ్చినవి. బీజింగ్ నుండి హాన్‌కౌకు 1906లో మార్గం పూర్తి అయినది. గ్వాంగ్‌జౌ నుండి వూచాంగ్‌కు 1936లో పూర్తి అయినది. ఉత్తరపు పట్టాలు ఎడమ గట్టున ఆగినవి, దక్షిణపు పట్టాలు కుడి గట్టున ఆగినవి. నడుమ నది. ఆ ఖాళీ నిండడానికి మరి ఇరవై సంవత్సరాలు పట్టినది.

విప్లవము, యుద్ధము

1911 అక్టోబరు 10వ తేదీ రాత్రి వూచాంగ్‌లోని సైనికులు తిరుగుబాటు చేశారు. కొద్ది నెలలలోనే చింగ్ వంశం అంతరించినది. రెండు వేల సంవత్సరాల చక్రవర్తుల పాలన ముగిసినది. ఆ పోరాటంలో చింగ్ సేనలు పెట్టిన నిప్పుకు హాన్‌కౌ బజారులో అధిక భాగం బూడిద అయినది. 1927లో జరిగిన ప్రజాందోళన ఫలితంగా బ్రిటిష్‌వారు తమ నివాస భూమిని చైనాకు తిరిగి అప్పగించారు.

1937 డిసెంబరులో నాన్‌జింగ్ జపాన్ వశమైన తరువాత వూహాన్ కొన్ని నెలలపాటు చైనాకు వాస్తవ రాజధానిగా ఉన్నది. 1938లో భారత జాతీయ కాంగ్రెసు పంపిన ఐదుగురు వైద్యుల బృందం చైనా చేరి, వూహాన్ మీదుగానే లోపలి ప్రాంతాలకు పయనించినది. డాక్టర్ అటల్ నాయకత్వం వహించిన ఆ బృందంలో షోలాపూర్‌కు చెందిన డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్ ఉన్నారు. ఆయన తిరిగి రాలేదు. గాయపడిన చైనా సైనికులకు చికిత్స చేస్తూ 1942 డిసెంబరులో అక్కడే కన్ను మూశారు. 1938 అక్టోబరులో వూహాన్ జపాన్ వశమైనది. నల్లమందుతోను, తేయాకుతోను ముడిపడిన రెండు దేశాల సంబంధంలో ఈ వైద్యుల రాక ఒక నిర్మలమైన అధ్యాయం.

వరదలు, గట్లు

ఇప్పుడు ఈ వ్యాసంలో అత్యంత ముఖ్యమైన విషయానికి వస్తున్నాము. జాంగ్ జిడోంగ్ 1905లో హాన్‌కౌ వెనుక భాగాన ఒక పొడవైన మట్టి గట్టు కట్టించాడు. దానిని నేటికీ 'జాంగ్‌వారి గట్టు' అనే పిలుస్తారు. ఆ గట్టు వలన వెనుకనున్న చిత్తడి నేలలు, మడుగులు ఎండినవి. పట్టణం అటు వ్యాపించినది. నీటి స్థలంలో ఇండ్లు లేచినవి. నేల గిట్టుబాటు అయినదని అందరూ సంతోషించారు. కాని ఆ నీరు అంతకు ముందు విశ్రమించిన చోటు అదే.

1931 వేసవిలో వర్షాలు విపరీతంగా కురిసినవి. జూలై నెలాఖరున హాన్‌కౌ వద్ద కరకట్ట తెగినది. నది తన పాత స్థలాన్ని వెదుక్కొంటూ వచ్చినది. ఆగస్టు 19వ తేదీన హాన్‌కౌ కొలబద్ద వద్ద నీటి మట్టం 28.28 మీటర్లు. వీధులలో పడవలు తిరిగినవి. నెల రోజులకు పైగా నగరం నీటిలోనే నిలిచినది. మేడలున్నవారు పై అంతస్తులకు పోయారు. గుడిసెలున్నవారు గట్లమీదికి, రైలు కట్టలమీదికి పోయారు. నీటి వెనుక కలరా వచ్చినది, ఆకలి వచ్చినది. యాంగ్‌ట్సీ, హువాయ్ నదుల లోయలలో ఆ సంవత్సరం వరదకు, దాని వెంట వచ్చిన రోగాలకు, కరవుకు బలియైనవారిని కొందరు లక్షలలో, మరికొందరు పదుల లక్షలలో లెక్కిస్తారు. లోకం ఎరిగిన ఘోరమైన వరదలలో అది ఒకటి.

1954లో నది మళ్ళీ లేచినది. ఈసారి ఆగస్టు 18వ తేదీన నీటి మట్టం 29.73 మీటర్లకు చేరినది. 1931 కంటె అది దాదాపు మీటరున్నర ఎక్కువ. నేటి వరకు అక్కడ అంతటి మట్టం నమోదు కాలేదు. అయినప్పటికీ నగరం మునగలేదు. లక్షలాది ప్రజలు రాత్రింబవళ్ళు మట్టి మోసి, గట్టు ఎత్తు పెంచి, చెమ్మ ఊరిన చోటనల్లా పూడ్చి, నదిని గట్టు అవతలనే నిలిపివేశారు. ఆ విజయానికి గుర్తుగా 1969లో హాన్‌కౌ నదీ తీరాన ఒక స్మారక స్తంభాన్ని నిలిపారు.

అయితే ఆ విజయంలో కంటికి కనిపించని భాగం ఒకటి ఉన్నది. వూహాన్‌కు ఎగువన జింగ్‌జియాంగ్ అనే చోట 1952లో ఒక వరద మళ్ళింపు ప్రాంతాన్ని సిద్ధం చేశారు. దాని విస్తీర్ణం 921 చదరపు కిలోమీటర్లు. నది ప్రమాద స్థాయికి వచ్చినప్పుడు తలుపులు తెరచి నీటిని ఆ ప్రాంతంలోకి వదలాలన్నది ఏర్పాటు. 1954లో ఆ తలుపులను మూడుసార్లు తెరిచారు. ఆ ప్రాంతం బీడు కాదు. అక్కడ గ్రామాలున్నవి, పంట పొలాలున్నవి. నగరానికి రావలసిన నీరు వారి పొలాలమీదికి పోయినది. ఆ సంవత్సరం యాంగ్‌ట్సీ మధ్య, దిగువ లోయలలో ముప్పై వేలకు పైగా ప్రజలు మరణించారు. నగరం నిలిచినదని మనం చదివినప్పుడు, ఎవరి నేల మునిగితే అది నిలిచినదో కూడ చదువవలసి ఉంటుంది.

1998లో ఇదే ప్రశ్న మరల వచ్చినది. ఆగస్టులో నీటి మట్టం 29.43 మీటర్లు. జింగ్‌జియాంగ్ ప్రాంతం నుండి మూడు లక్షలకు పైగా ప్రజలను రాత్రికి రాత్రి తరలించారు. కోళ్ళను, పశువులను, కోతకు రానున్న పైరును విడిచి వారు వెళ్ళారు. తుదకు తలుపులు తెరువకుండానే గండం గడిచినది. ఆ వరద తరువాత చైనా ప్రభుత్వం తన ఆలోచనా సరళిని మార్చుకొన్నది. గట్లు ఎత్తు చేయడంతోనే సరిపోదని గ్రహించి, ఎగువ కొండలలో అడవి కొట్టడాన్ని నిషేధించినది. సరస్సులను పూడ్చి చేసిన పొలాలను కొన్నిచోట్ల తిరిగి సరస్సులకు విడిచిపెట్టినది. యీచాంగ్ వద్ద త్రిగర్భ కనుమలలో నిర్మించిన మహా ఆనకట్ట 2003 నుండి నీటిని నిలుపుతూ కొంత రక్షణ కల్పిస్తున్నది. అయితే ఆ జలాశయం కోసం పది లక్షలకు పైగా ప్రజలు తమ ఊళ్ళు విడువవలసి వచ్చినదన్న సంగతి మరువరాదు.

వంతెన

1957 అక్టోబరు 15వ తేదీన వూహాన్ వద్ద యాంగ్‌ట్సీపై తొలి వంతెన ప్రారంభమైనది. హాన్‌యాంగ్‌లోని తాబేటి కొండను, వూచాంగ్‌లోని పాము కొండను అది కలుపుతున్నది. మొత్తం పొడవు 1,670 మీటర్లు. పైన వాహనాల బాట, దిగువన రైలు బాట. నదిలో ఎనిమిది స్తంభాలు. ఇంజనీర్లకు నది నెలల తరబడి నిండుగా ఉండడమే పెద్ద అడ్డంకి. పాత పద్ధతిలో నీటి అడుగున గాలి గదులలో కూలీలు దిగి త్రవ్వవలసి ఉండగా, సోవియట్ ఇంజనీరు సీలిన్ సూచనతో చైనా ఇంజనీర్లు గొట్టపు స్తంభాలను నదీగర్భంలోని రాతిలోనికి దింపే కొత్త పద్ధతిని అనుసరించారు. పని సుమారు రెండు సంవత్సరాలలో ముగిసినది. బీజింగ్ నుండి గ్వాంగ్‌జౌకు రైలు నిరాటంకంగా సాగినది. పసుపు కొంగ మేడ పూర్వం నిలిచిన చోటనే ఈ వంతెన ఒక చివర దిగినది. కనుకనే కొత్త మేడను అక్కడికి కొంత దూరంలో కట్టవలసి వచ్చినది.

వంతెన నేలను కలిపినది గాని ఓడలకు ఎత్తు హద్దు పెట్టినది. నిండు నీటి కాలంలో దాని క్రింద 18 మీటర్ల ఎత్తు మాత్రమే ఉంటుంది. ఒక సౌకర్యం మరొక సౌకర్యాన్ని కొంత హరించడం ఆర్థికాభివృద్ధిలో తరచుగా జరిగే పని. అందుచేత నేటి పెద్ద రేవును వంతెనకు దిగువన, యాంగ్‌లువో వద్ద అభివృద్ధి చేశారు.

నేటి వూహాన్

1958 సెప్టెంబరులో చింగ్‌షాన్ వద్ద వూహాన్ ఉక్కు కర్మాగారం తొలి ఇనుమును కరిగించినది. జాంగ్ జిడోంగ్ కల అరువది నాలుగు సంవత్సరాల తరువాత సరియైన పునాదిపై నిలిచినదనవచ్చు. 2016లో ఆ సంస్థ షాంఘైలోని బావోస్టీల్‌తో విలీనమైనది. ఉక్కు తరువాత మోటారు వాహనాలు, వాటి తరువాత కాంతి తంతువులు వచ్చినవి. 1976లో చైనాలోని తొలి ఉపయోగకరమైన కాంతి తంతువును ఈ నగరంలోనే తీశారు. తూర్పు సరస్సు దరిని 1988లో నెలకొల్పిన పారిశ్రామిక ప్రాంతాన్ని నేడు 'కాంతి లోయ' అని పిలుస్తున్నారు. ఆ పరిశ్రమకు బలం చుట్టూ ఉన్న విశ్వవిద్యాలయాలు. ఖనిజం కోసం నాడు కొలిమి కట్టారు. నేడు చదువు ఉన్న చోటికి పరిశ్రమ వెదుక్కొంటూ వచ్చినది.

2009 డిసెంబరులో గ్వాంగ్‌జౌకు అతివేగ రైలు మార్గం తెరిచారు. 2012లో యూరపుకు నేరుగా సరుకు రైలు బయలుదేరినది. ఇటుక తేయాకు ఒంటెలమీద వెళ్ళిన దిక్కుకే ఇప్పుడు యంత్ర సామగ్రి పట్టాలమీద వెళ్తున్నది. 2014లో వూహాన్ రేవు ఇరవై అడుగుల పెట్టెల లెక్కన పది లక్షల కంటెయినర్లను దాటినది. 2020 జనాభా లెక్కల ప్రకారం నగర జనాభా ఒక కోటి 23 లక్షలు.

కాని నీటి ప్రశ్న ముగియలేదు. నగరం పెరిగేకొలది సరస్సులు పూడినవి. 2016 జూలైలో కుండపోత వర్షానికి నగరం జలమయమైనది. ఈసారి నది గట్టు దాటి రాలేదు. ఆకాశం నుండి పడిన నీటికే పోవడానికి చోటు లేకపోయినది. అంతకు ముందు సంవత్సరమే చైనా ప్రభుత్వం, వాన నీటిని నేలలోనికి ఇంకింపజేసే నగర నిర్మాణ పద్ధతికి ప్రయోగ స్థలాలుగా ఎన్నుకొన్న నగరాలలో వూహాన్ ఒకటి.

నదిలోని ప్రాణుల స్థితి మరింత విచారకరం. యాంగ్‌ట్సీలో 'బైజీ' అనే తెల్లని మంచినీటి డాల్ఫిన్ ఉండేది. 1980లో గాయపడి దొరికిన ఒక బైజీని వూహాన్‌లోని జలజీవ పరిశోధన సంస్థవారు 'చీచీ' అని పేరు పెట్టి పెంచారు. తగిన తోడు దొరకలేదు. అది 2002లో మరణించినది. 2006లో శాస్త్రజ్ఞులు వూహాన్ నుండి బయలుదేరి నది పొడవునా వారాల తరబడి వెదికినా ఒక్క బైజీ కూడ కనిపించలేదు. 2021 జనవరి 1 నుండి యాంగ్‌ట్సీలో పది సంవత్సరాలపాటు చేపల వేటను నిషేధించారు. బైజీ విషయంలో మాత్రం ఆ మేలుకొలుపు ఆలస్యంగా వచ్చినది.

ముగింపు

ఈ పరిశీలన వలన మనకు తేలేది ఒకటే. భౌగోళిక స్థితి నగరానికి అవకాశాన్ని మాత్రమే ఇస్తుంది. ఆ అవకాశాన్ని సంపదగా మార్చేది మానవ శ్రమ, విజ్ఞానం. ఆ సంపదను నిలిపేది నీటికి చోటు విడిచే వివేకం. హాన్‌కౌ నీటి స్థలాన్ని ఆక్రమించిన తరువాత 1931 వచ్చినది. గట్టుతో పాటు నీటికి వేరొక చోటు చూపిన తరువాత 1954లో నగరం నిలిచినది. అయితే ఆ చోటు ఎవరిదో, వారి నష్టాన్ని ఎవరు తీర్చాలో అన్న ప్రశ్నకు జవాబు చెప్పినప్పుడే ఏ అభివృద్ధి అయినా న్యాయమైనదవుతుంది.

మన విద్యార్థులలో రేపు ఇంజనీర్లు కాబోయేవారున్నారు, అధికారులు కాబోయేవారున్నారు. ఏ ఊరికైనా గట్టు కట్టవలసిన సమయం, ఏ చెరువునైనా పూడ్చమన్న కాగితం వారి బల్లమీదికి రాకపోదు. ఆ నాడు సంతకం చేసే ముందు, ఈ నీరు ఇంతవరకు ఎక్కడ నిలిచినది, ఇకమీద ఎవరి వాకిట నిలుస్తుంది అని ఒక్క నిమిషం ఆలోచించగలిగితే, చైనా నడిబొడ్డున ఉన్న ఈ రేవు నగరాన్ని గురించి ఇక్కడ చదివినందుకు ప్రయోజనం సిద్ధించినట్లేనని మేము భావిస్తాము.